గిరి గారి రాజీనామా

కాంపిటీటివ్ ఎగ్జామ్ బిట్స్‌లో వి.వి. గిరి అంటే ఒకటే లైన్: భారత నాలుగో రాష్ట్రపతి. ఇంకో బిట్ కూడా ఉంటుంది, 1969లో ఇండిపెండెంట్‌గా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక నీలం సంజీవరెడ్డి మీద గెలిచారని. కానీ కాజీపేట జంక్షన్ పక్కన చదువుకుంటున్న మనం తెలుసుకోవాల్సిన గిరి వేరే ఉన్నారు. ఆయనకి పేరొచ్చింది రైల్వే కార్మికుల దగ్గర.

1894లో బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశా, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. తెలుగు కుటుంబం, నాన్న జోగయ్య పంతులు వకీలు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి ఐరిష్ ఉద్యమకారులతో తిరిగి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం వదిలి రావాల్సొచ్చింది. ఇక్కడికొచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంలో పనిచేశారు. ఉద్యోగాలు తీసేస్తున్నారని 1928లో వాళ్లు చేసిన సమ్మెకి నాయకుడు ఆయనే.

1937 ఎన్నికల్లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వంలో మళ్లీ అదే శాఖ. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాక నెహ్రూ కూడా అదే ఇచ్చారు.

మంత్రి అయినా ఆయన పట్టుదల ఒకటే. గొడవని ట్రిబ్యునల్ దాకా లాగకుండా యజమాని, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. మన గ్రూప్ ప్రాజెక్ట్ పంచాయితీ సార్ దగ్గరికి పోతే ఎలా ఉంటుందో తెలుసుగా, ఇద్దరికీ నచ్చని తీర్పొస్తుంది. అలాంటిదే అనుకోండి.

అసలు కథ 1954లో. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. ప్రభుత్వం దాన్ని మార్చి, ఉద్యోగులకి రావాల్సింది తగ్గించింది. చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్ల బ్రాంచీలు అంత ఖర్చు మోయలేవన్నది వాళ్ల వాదన. కొట్టిపారేసే వాదనేం కాదు. కానీ గిరి గారు ఒప్పుకోలేదు, ఆగస్టులో రాజీనామా చేసేశారు.

ఇక్కడే నాకు ఆయన నచ్చేది. ట్రిబ్యునల్స్ అంటేనే ఇష్టం లేని మనిషి ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదులుకున్నాడు. పైకి ఇది మాట మార్చినట్టే కనిపిస్తుంది. నేనలా అనుకోను. అంపైర్ వద్దనడం వేరు, అంపైర్‌ని పెట్టి ఆడించి, మ్యాచ్ అయిపోయాక స్కోరు దిద్దడం వేరు. పైగా దిద్దింది సొంత ప్రభుత్వం. ఆయన సీట్లోనే ఉండిపోతే రేపు ఏ యూనియన్‌ని పిలిచి, ఏ మొహంతో మాట్లాడుకోండి అని చెప్తారు?

తర్వాత ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. 1955లో దాని రిపోర్ట్ వచ్చాక, ట్రిబ్యునల్ ఇచ్చినదాంట్లో చాలావరకు ఉద్యోగులకి తిరిగొచ్చింది. అప్పటికి కార్మిక శాఖలో వేరే మంత్రి ఉన్నారు.