మహబూబ్ పాషా – పాము, పులి

మా హాస్టల్ బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక సందులో. అక్కడ ఎవడైనా గొప్పలు పోతే చాలు, తీస్ మార్ ఖాన్ అని ఏడిపిస్తారు. ముప్పై ఈగల్ని చంపి వీరుడైపోయినవాడి కథలోంచి ఆ మాట వచ్చిందని కొందరంటారు. హైదరాబాదులో మాత్రం అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు. ఆయన చంపినవి ఈగలు కావు, ముప్పైకి పైగా పులులు.

1866లో పుట్టాడు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా పోయేనాటికి మూడేళ్లు కూడా నిండలేదు. గద్దె పిల్లవాడిది, పాలన సాలార్ జంగ్‌ది. 1884లో వైస్రాయ్ రిప్పన్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించాడు.

మా నాయనమ్మకి ఆయన నిజాం కాదు, మహబూబ్ పాషా. పాము కరిచినవాళ్లు ఏ అర్ధరాత్రి వచ్చినా నిద్ర లేపమని నౌకర్లకు చెప్పి ఉంచేవాడట. ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందని నమ్మేవాళ్లు. (నేను నమ్మను గానీ, నిద్ర లేపమన్న మాట నచ్చుతుంది.) 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది పోయినప్పుడు బాధితుల కోసం రాజమహళ్ల తలుపులు తెరిపించాడు. నదికి హారతి కూడా ఇచ్చాడని చెప్పుకుంటారు.

ఇంత మెత్తటి మనిషికి తుపాకీ అంటే ప్రాణం. ఆ రోజుల్లో వేట ఎలా జరిగేదో చదివాక నాకు రెండు రోజులు మనసు బాగాలేదు. పులి జాడ కనిపెట్టి అక్కడ దున్న దూడను కట్టేసేవాళ్లు. పులి దాన్ని చంపి, తిని, దగ్గర్లో నీడ చూసుకుని పడుకునేది. పొద్దెక్కాక చుట్టుపక్కల ఊళ్ల జనం వరసగా నిలబడి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ దాన్ని మంచె వైపు తోలేవాళ్లు. మంచె మీద తుపాకీ సిద్ధంగా ఉండేది. గురి తప్పి గాయంతో పొదలోకి దూరిందా, దొరలు పైన, డప్పులవాళ్లు కింద.

పశువుల్ని, మనుషుల్ని ఎత్తుకుపోయే పులిని చంపితే ఊరు దండం పెట్టేది, నిజమే. కానీ 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఈ రాజ్యంలో వేటాడింది మన పశువుల కోసం కాదు కదా. 1902లో వైస్రాయ్ కర్జన్ కూడా అంతే. వరంగల్ వైపు నెక్కొండ దగ్గర చచ్చిన పులితో కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పేరుతో ఉంది అది. అందులో డప్పులవాళ్లు లేరు.

మహబూబ్ పాషా 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో చనిపోయాడు. అప్పటికి 45 ఏళ్లే. సమాధి మక్కా మసీదులో ఉంది. వేటను నిషేధించే చట్టం రావడానికి ఇంకో 61 ఏళ్లు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన దసరాకి ఊరెళ్తే మా మామ మక్కచేను చూపించాడు. అడవిపందుల కోసం కరెంటు తీగ లాగాలట. నేను ట్రిపుల్‌ఈ కాబట్టి పని నాకు చెప్పాడు. పంట నష్టం అబద్ధం కాదు, సగం చేను పడుకుని ఉంది. కానీ దొరికిన మాంసం ఎవరెవరికి పంచాలో కూడా అప్పుడే అనుకుంటున్నారు. ఆ తీగకి పంది ఒకటే తగలదు మామా, రాత్రి నీళ్లు పెట్టడానికొచ్చే మనిషి కూడా తగులుతాడు అన్నాను. చదువుకున్నోడివైపోయావని ముఖం తిప్పుకున్నాడు. తీగ లాగకుండానే బస్సెక్కాను.

సంక్రాంతికి ఫోన్ చేశాను. అత్త ఎత్తింది, మామ చేనుకాడ ఉన్నాడంది. తీగ సంగతి నేనడగలేదు, ఆమె చెప్పలేదు.