పాత వ్యానే చైతన్యరథం

మా సోమందేపల్లె పక్కనే హిందూపురం. 1985 నుంచి వరుసగా 3 సార్లు ఆ ఊరు గెలిపించిన నందమూరి తారక రామారావు గారి కథని, మెకానికల్ స్టూడెంట్‌ని కాబట్టి, నేను బండి వైపు నుంచి చెప్తాను.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు ఇంట పుట్టారు. 1949లో 'మనదేశం'తో సినిమాల్లోకొచ్చారు. జనానికి రాముడైనా కృష్ణుడైనా ఆయనే. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టేనాటికి అరవైకి దగ్గరపడ్డారు.

ఊరూరా తిరగాలి. దానికి కొత్త బండి కొనలేదు. 1940ల నాటి చెవర్లెట్ వ్యాన్‌ని బాగు చేయించారు. టాపు మీద నిలబడి మాట్లాడేలా, లోపల పడుకునేలా మార్పించి చైతన్యరథం అన్నారు. స్టీరింగ్ కొడుకు హరికృష్ణ చేతిలో. నెలల తరబడి అదే ఇల్లు, అదే స్టేజీ. స్నానం, తిండి రోడ్డు పక్కనే. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు.

1989లో అధికారం పోయింది, కల్వకుర్తిలో ఓడారు. హిందూపురం మాత్రం వదల్లేదు. 1994లో మళ్ళీ గెలిచారు. మరుసటి ఏడే సొంతవాళ్ళే పదవి నుంచి దింపారు. 1996 జనవరి 18న కన్నుమూశారు.

మూలపడ్డ బండిని నడిపించిన మనిషికి ఆ చివరి బ్రేక్‌డౌన్‌లో మెకానిక్ దొరకలేదు. అయినా ఇవాళ నాయకుల ప్రచార బస్సు మా ఊరి మీదుగా పోతుంటే నాకు మాత్రం ఆ పాత చెవర్లెట్టే గుర్తొస్తుంది.