కొండల మీద రేడియో పెట్టిన ట్రోంబోన్ వాద్యకారుడు: క్లారెన్స్ జోన్స్ గారి జీవితం

ఈ వారం వీడియోలో క్లారెన్స్ జోన్స్ గారి గురించి పది నిమిషాల్లో గబగబా చెప్పేశాను. చాలా విషయాలు మిగిలిపోయాయి, అవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది మా అయ్యగారు నన్ను పిలిచి, పాడేరు వైపు కొండ గ్రామాలకు మన వాక్య సందేశాలు ఎలా పంపొచ్చో చూడమన్నారు. నేను ఇంజినీరుని కదా, ఫోన్‌లో కవరేజ్ మ్యాప్ తెరిచి చూసి, సిగ్నల్ లేదు, కుదరదు అని చెప్పేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. జోన్స్ గారి జీవితం చదువుతున్నంతసేపూ ఆ రెండు నిమిషాలే గుర్తొచ్చాయి.

ఆయన 1900లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు సాల్వేషన్ ఆర్మీలో సేవకులు. అందుకే చిన్నప్పటి నుంచే బ్యాండ్‌లో ట్రోంబోన్ వాయించేవారు. మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివాక చికాగోలో పాల్ రేడర్ గారి టాబర్నకిల్‌లో సంగీత సేవ చేశారు. రేడర్ గారు 1920లలోనే రేడియోలో వాక్యం చెప్పిన మనిషి. జోన్స్ గారికి రేడియో అక్కడే అలవాటైంది. గమనించండి, ఆయన ఇంజినీరు కాదు, సంగీతం మనిషి.

1928లో దక్షిణ అమెరికాలో రేడియో స్టేషన్ పెట్టాలన్న భారంతో బయల్దేరారు. వెనిజులా, కొలంబియా, పనామా, క్యూబా తిరిగారు. ఎక్కడా అనుమతి దొరకలేదు. ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. ఆ నిరాశలో ఇదంతా వదిలేసి నేవీలో చేరదామని వెళ్తే, చూపు సరిగా లేదని అక్కడా వద్దన్నారు. ఈ భాగం నాకు చాలా ఇష్టం. మిషనరీల జీవితాలు చెప్పేటప్పుడు మనం ఇలాంటివి దాటేస్తాం.

తర్వాత ఈక్వెడార్‌లో సేవ చేస్తున్న రూబెన్ లార్సన్ గారు, గ్రేస్ గారు పరిచయమయ్యారు. మా దేశానికి రండి అని పిలిచింది వాళ్లే. కేథలిక్ దేశంలో ప్రొటెస్టెంట్ రేడియోకి అనుమతి అంటే మాటలు కాదు. అయినా 1930 ఆగస్టులో ప్రభుత్వం 25 ఏళ్ల ఒప్పందం ఇచ్చింది.

స్టేషన్ పెట్టాల్సిన చోటు కీటో. పిచించా అగ్నిపర్వతం పక్కన, సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉన్న నగరం. మన అరకుకి మూడింతల ఎత్తు అనుకోండి. భూమధ్యరేఖ పక్కనే. కొండలూ వద్దు, భూమధ్యరేఖా వద్దు అని రేడియో తెలిసినవాళ్లు ఆయనకి ముందే చెప్పారు. నన్ను అడిగినా అదే చెప్పేవాణ్ణి. పైగా దేశం మొత్తంలో రేడియో సెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉన్నాయో లేవో. వినేవాళ్లు లేని చోట స్టేషన్ ఎవడైనా పెడతాడా?

1931 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, హెచ్‌సీజేబీ మొదటి ప్రసారం వెళ్లింది. 250 వాట్ల ట్రాన్స్‌మిటర్. దాన్ని గొర్రెల కొట్టంలో పెట్టారు, స్టూడియో ఇంట్లోనే. జోన్స్ గారు ట్రోంబోన్ వాయించారు, భార్య కేథరిన్ గారు ఆర్గన్ దగ్గర కూర్చున్నారు, లార్సన్ గారు స్పానిష్‌లో వాక్యం చెప్పారు.

ఆ తర్వాత డబ్బు కష్టం. అప్పుడు అమెరికాలో బ్యాంకులు మూతపడే రోజులు, కానుకలు ఆగిపోయాయి. మూసెయ్యాలా, కొనసాగించాలా తేల్చుకోలేక, జోన్స్ గారు పనిముట్ల కొట్టులోకి వెళ్లి తలుపేసుకుని రోజంతా ప్రార్థనలో గడిపారు. ఇంట్లో భార్యాపిల్లలు, బయట అప్పులు. కొట్టులోంచి బయటికొచ్చి అప్పు తెచ్చారు, స్టేషన్ నడిపారు.

1940లో 10,000 వాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చింది. ఇక్కడ నా ఇంజినీర్ బుర్ర కాసేపు ఆగిపోయింది. మామూలు యాంటెన్నాలో కడ్డీల చివర్ల దగ్గర వోల్టేజీ ఎక్కువ. అంత ఎత్తులో గాలి పలచన, కాబట్టి విద్యుత్తు తేలిగ్గా గాలిలోకి దూకుతుంది. రాత్రిపూట కడ్డీల కొసలు మంటలు మండినట్టు వెలిగేవి, లోహం కరిగిపోయేది. స్టేషన్‌లో పనిచేసే క్లారెన్స్ మూర్ అనే ఇంజినీరు ఆలోచించి కొసలే లేకుండా చేశారు! వైరుని చదరంగా చుట్టి మూసేశారు. దానికి 1951లో పేటెంట్ వచ్చింది. క్యూబికల్ క్వాడ్ పేరుతో హ్యామ్ రేడియో వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. వీడియోలో నేను కర్రలకి వైరు చుట్టి చూపించింది అదే. వద్దన్న ఆ ఎత్తులోనే పుట్టింది.

అక్కడి కొండజాతి వాళ్ల క్విచువా భాషలోనూ ప్రసారాలు వెళ్లాయి. రేడియో లేనివాళ్ల కోసం, ఈ ఒక్క స్టేషనే పట్టేలా ముందే ట్యూన్ చేసిన సెట్లు కూడా తయారుచేశారు. 1975లో అమెరికా క్రైస్తవ ప్రసారకుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొదటి పేరు జోన్స్ గారిదే. 1986లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఈక్వెడార్ నుంచి అంతర్జాతీయ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2009లో ఆగిపోయాయి.

వీడియో ఎడిటింగ్ అయ్యాక మా అయ్యగారికి ఫోన్ చేశాను. కొండల్లో సిగ్నల్ లేకపోయినా మెమరీ కార్డ్ పట్టే చిన్న స్పీకర్లు నడుస్తాయి కదా, ఎన్ని ఊళ్లు అని అడిగాను. ఆయన పుస్తకం తీసి లెక్క చెప్పడం మొదలుపెట్టారు. పదకొండు.