స్వదేశీ కలానికి ప్రాణం పోసిన కోసూరి రత్నం

రఘునాథపల్లి: ఇక్కడి నుంచి జనగామ దాటి హైదరాబాద్ రోడ్డున పోతే పెంబర్తి వస్తుంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలతో బొమ్మలు తేలుస్తారు. ఒక్క దెబ్బ ఎక్కువైతే రేకు చిరుగుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. చేతిపని చేసేవారికి ఈ బాధ కొత్త కాదు. చెడిన పనిని పక్కన పెట్టి, అంతే హుషారుగా మరో రేకు అందుకోవడమే కష్టం. అలా ఏళ్ల తరబడి హుషారు తగ్గకుండా పనిచేసి పేరు తెచ్చుకున్న తెలుగు పనివాడు రాజమండ్రికి చెందిన కోసూరి వెంకటరత్నం.

రత్నం గారు లోహపు అచ్చులు చెక్కడంలో చేయి తిరిగినవారు. 1921లో ఆయన గాంధీజీని కలిసి తన పనితనం చూపించారు. పనితనం మంచిదే గాని, అది సామాన్యుడికి నిత్యం పనికొచ్చే వస్తువు కాదు. గుండుసూది కానీ, కలం కానీ, అందరికీ ఉపయోగపడే స్వదేశీ వస్తువు ఏదైనా చేయమని గాంధీజీ సలహా ఇచ్చారు. విదేశీ బట్టలను తగలబెట్టి ఖద్దరు కట్టిన రోజులవి. అయినా చదువుకున్నవారి జేబుల్లో ఉన్నవి సీమ నుంచి వచ్చిన కలాలే. స్వరాజ్యం గురించి రాయాలన్నా పరాయి దేశపు పెన్నుతోనే రాయాల్సి వచ్చేది. ఈ లోటు రత్నం గారి మనసులో నాటుకుంది.

కలం చూడటానికి చిన్న వస్తువే. చేయబోతే అసలు సంగతి తెలుస్తుంది. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద బిగించి తరగాలి. లోపల తిన్నగా తొలవాలి. మూతకూ గొట్టానికీ మరలు సరిగ్గా కుదరాలి. మర వదులైతే చొక్కా జేబంతా సిరా, బిగుతైతే మూత పగులుతుంది. పాళీ కింద సిరాను నడిపించే నాలుకలో సన్నని గాడి చెక్కాలి. గాడి కాస్త వెడల్పయితే కాగితం మీద మచ్చలు పడతాయి. సన్నగిల్లితే రెండక్షరాలు రాయగానే పెన్ను ఆగిపోతుంది. పాళీ మొన అరగకుండా ఉండాలంటే దానికి గట్టి లోహపు చుక్క అతకాలి. ఇన్ని పనుల్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా కలం పనికిరాదు.

అచ్చులు చెక్కే చేతికి ఇదంతా కొత్త విద్య. నేర్పే గురువు దగ్గరలో లేడు. చేసి చూడటం, చెడితే ఎక్కడ చెడిందో వెతకడం, మళ్లీ చేయడం తప్ప మరో దారి లేదు. 1932 నాటికి రత్నం గారు కలాల తయారీ చేపట్టారు. తమ్ముడు సత్యనారాయణ ఆయనకు తోడు నిలిచారు.

అసలు పరీక్ష ఆ తర్వాతే వచ్చింది. కలం రాసింది గాని, అందులో కొన్ని భాగాలు విదేశీవే. మామూలు గిరాకీదారుడికి అది పట్టదు. కొద్దిపాటి లాభం చూసుకుని అక్కడే ఆగినా అడిగేవారు లేరు. కానీ చేయమన్న వస్తువు స్వదేశీ కలం. సగం పరాయిదైతే మాట నిలబడినట్లు కాదు. అందుకే సోదరులు వచ్చిన పేరుతో తృప్తి పడక, ఒక్కో భాగాన్నీ ఇక్కడే తయారు చేసే దాకా మళ్లీ ప్రయోగాలకు దిగారు. కలం బాగా కుదిరిన తర్వాత మళ్లీ తప్పులు చేయడానికి సిద్ధపడటమే వారి గొప్పతనం.

చివరికి పూర్తి స్వదేశీ కలం సిద్ధమైంది. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా దానిని గాంధీజీకి పంపారు. ఆయన ఆ కలాన్ని వాడి చూశారు. బజారులో దొరికే విదేశీ కలాల బదులు ఇది వాడుకోదగినదేనని తెలియజేస్తూ 1935 జూలై 16న వార్ధా నుంచి రత్నం గారికి ఉత్తరం రాశారు. 1921లో విన్న ఒక్క సలహాకు జవాబు చెప్పడానికి 14 ఏళ్లు పట్టిందన్నమాట.

తర్వాతి కాలంలో బాల్ పెన్నులు వచ్చి ఇంకు పెన్నులను వెనక్కి నెట్టాయి. రత్నం గారు పోయి చాలాకాలమైంది. అయినా రాజమండ్రిలో ఆయన పేరిట కలాల తయారీని కుటుంబంవారు కొనసాగించారు. యంత్రాలు గంటకు వేల పెన్నులు పోసే కాలంలోనూ చేత్తో తరిగిన ఆ కలాలను కోరి కొనుక్కునేవారు ఉన్నారు.

మన పల్లెల్లో అవుసలి కుంపటి దగ్గరా, కమ్మరి కొలిమి దగ్గరా, సాలెల మగ్గం దగ్గరా ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్న పిల్లలున్నారు. వారి చేతిలో మొదటి వస్తువు చెడటం సహజం. అప్పుడు వారిని కసురుకోకుండా, ఎక్కడ తప్పిందో కూర్చోబెట్టి చూపించే పెద్దలు కావాలి. తప్పు ఎక్కడుందో తెలిసిన చేయి మరునాడు మళ్లీ పనిలో పడుతుంది. రత్నం గారి 14 ఏళ్లూ అలా గడిచినవే.