పసిపిల్లల రక్త క్యాన్సర్‌కు తొలి మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన

సంగారెడ్డి, జనవరి 12: పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలలో బల్క్ డ్రగ్స్ తయారీ వేలాది కుటుంబాలకు జీవనాధారమైంది. హైదరాబాద్‌లోని ఐ.డి.పి.ఎల్.లో అనుభవం గడించిన వారిలో కొందరు సొంత పరిశ్రమలు స్థాపించడంతో 1980 దశకం నుంచి ఈ ప్రాంతం ఔషధ కేంద్రంగా రూపుదిద్దుకుంది. అంతకు నాలుగు దశాబ్దాల ముందే అమెరికాలో ఒక ఔషధ సంస్థ పరిశోధనకు సారథ్యం వహించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. నేడు ఆయన జయంతి.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌ మూడవ ప్రయత్నంలో గాని పూర్తి కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములలో ఇద్దరు స్ప్రూ అనే ఉష్ణమండల అతిసార వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలో కన్నుమూశారు. అదే వ్యాధి సోకిన సుబ్బారావు ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. ఆ వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదల ఆయనను జీవితాంతం విడువలేదు.

మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా చేరిన సుబ్బారావు బోస్టన్‌లోని ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరుస్తూ హార్వర్డ్‌లో చదువు కొనసాగించారు. సైరస్ ఫిస్కేతో కలసి భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో ప్రకటించారు. ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది స్థిరపడింది. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని ఈ జంట వెలికితీసింది. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నారు. ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత పదవి దక్కలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరి, కొద్దికాలంలోనే పరిశోధన సంచాలకులయ్యారు. డిఫ్తీరియా వంటి బ్యాక్టీరియా వ్యాధుల నిరోధక సీరంల తయారీతో మొదలైన సంస్థ అది. అక్కడ ఆయన స్ప్రూ రోగుల రక్తహీనతకు మందు కోసం ఫోలిక్ ఆమ్లంపై దృష్టి సారించారు. 1941లో ఇతర శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల నుంచి సేకరించినందున, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి ఆ పదార్థానికి ఈ పేరు వచ్చింది. సుబ్బారావు బృందం కాలేయం నుంచి, బ్యాక్టీరియా కిణ్వనం నుంచి కూడా దీనిని వేరుచేసింది. ఆపై ప్రయోగశాలలోనే సంశ్లేషించింది. స్ప్రూకు మందు దొరికింది.

అయితే ఆ విజయం వెంటనే ఒక చేదు అనుభవం ఎదురైంది. బోస్టన్‌ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో బాధపడుతున్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇవ్వగా వ్యాధి తగ్గకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు కనిపించింది. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసింది. కణం విభజన చెందాలంటే జన్యుపదార్థం తయారు కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. క్యాన్సర్ కణాలకు దానిని అందకుండా చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే పుట్టింది. రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను లెడర్లీ బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 చివరలో ఉపయోగించారు. 1948 జూన్‌లో ప్రచురితమైన నివేదికలో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు వెల్లడించారు. వ్యాధి మళ్ళీ తిరగబెట్టేది. అయినా అంతవరకు వారాలలో ముగిసిపోయే జీవితాలకు నెలలు కలిసిరావడం వైద్యలోకానికి కొత్త.

ఆ తరువాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే తుదిశ్వాస విడిచారు. అమినోప్టెరిన్‌కు సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌కు 1953లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. 1956లో గర్భాశయ సంబంధమైన కోరియోకార్సినోమాను ఈ మందుతో నయం చేయగలిగారు. గడ్డకట్టిన క్యాన్సర్ కేవలం మందుతో నయం కావడం అదే మొదలు. కీళ్ళవాతానికి కూడా వైద్యులు దీనినే వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలోనూ ఇది ఉంది.

ఆయన సారథ్యంలోనే బోదకాలు వ్యాధికి హెట్రజాన్, బెంజమిన్ డగ్గర్ కృషితో ఆరియోమైసిన్ వెలువడ్డాయి. హెట్రజాన్‌గా వచ్చిన డి.ఇ.సి. మాత్రలనే 2004 నుంచి దేశంలోని బోదకాలు పీడిత జిల్లాల్లో ప్రభుత్వం సామూహికంగా పంపిణీ చేస్తూ వచ్చింది. సహచరులకే పేరు రావాలని కోరుకునే స్వభావం వల్ల కాబోలు, ఈ మాత్ర మింగినవారిలో దాని వెనుక ఒక తెలుగువాడున్నాడని ఎరిగినవారు బహు స్వల్పం. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ సుబ్బారావు స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.