జార్జి దోబ్రొవోల్‌స్కీ

భూమి చుట్టూ పరిభ్రమించే అంతరిక్ష కేంద్రంలో మొట్టమొదట నివసించిన బృందానికి నాయకుడు జార్జి దోబ్రొవోల్‌స్కీ. ఆయన 1928 జూన్ 1న నల్లసముద్ర తీరంలోని ఒడెస్సా నగరంలో జన్మించాడు. యుద్ధవిమాన చోదకుడై, 1963లో వ్యోమగామిగా ఎంపికయ్యాడు.

1971 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్ సల్యూత్-1 అనే కేంద్రాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. అదే నెలలో వెళ్ళిన సోయుజ్-10 దానితో పూర్తిగా అనుసంధానం కాలేక తిరిగివచ్చింది. తరువాతి యాత్రకు నిర్ణయించిన ముగ్గురిలో ఒకరి ఊపిరితిత్తులలో మచ్చ కనిపించడంతో, ప్రయాణానికి కొద్ది రోజుల ముందు బృందాన్నంతా మార్చివేశారు. ఆ విధంగా దోబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్‌లకు అవకాశం లభించింది. ఆనాడు అది అదృష్టమే!

జూన్ 7న సోయుజ్-11 కేంద్రాన్ని చేరింది. మూడు వారాలకు పైగా వారు నక్షత్రాలను పరిశీలించారు, మొక్కలను పెంచారు, భారరహిత స్థితిలో తమ దేహాలలో కలిగే మార్పులను నమోదు చేశారు. ఒకనాడు పరికరాల నుండి పొగ వెలువడి, కేంద్రాన్ని విడిచిపోవలసి వస్తుందేమోనన్న భయం కలిగింది. అయినా పని ఆగలేదు.

జూన్ 30న తిరుగు ప్రయాణంలో, నౌక భాగాలు విడిపోయిన కుదుపుకు గాలి కవాటం ఒకటి తెరచుకొంది. అప్పటికి వారు దాదాపు 168 కి.మీ. ఎత్తున ఉన్నారు. ఇరుకైన ఆ నౌకలో ముగ్గురు కూర్చోవలసి ఉండడంతో పీడన దుస్తులకు చోటు లేకపోయింది. కవాటాన్ని చేతితో మూసేంత వ్యవధి వారికి చిక్కలేదు. నౌక మాత్రం పారాచూట్ సాయంతో కజకిస్తాన్ మైదానంలో చెక్కుచెదరకుండా దిగింది. తలుపు తెరచిన వారికి ముగ్గురూ తమ ఆసనాలలో నిశ్చలంగా కనిపించారు.

వారి చితాభస్మాన్ని మాస్కోలోని క్రెమ్లిన్ గోడలో నిక్షిప్తం చేశారు. 1973లో సోయుజ్ మళ్ళీ మనుషులతో ఎగిరినప్పుడు అందులో ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ పీడన దుస్తులు ధరించారు.