విఠలాచార్య దయ్యాలకు 4కె వెలుగు

పొయ్యిలో కట్టెలు లేవు. దయ్యం ఏమాత్రం కంగారుపడదు. తన కాళ్లే పొయ్యిలో పెట్టి, మంట రాజేసి, వంట కానిచ్చేస్తుంది. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’ చూడనివాళ్లకి కూడా ఈ సీను తెలుసు. మీమ్‌లోనో, అమ్మమ్మ కబుర్లలోనో ఎప్పుడో తగిలే ఉంటుంది. భయపడాలో నవ్వాలో తేల్చుకోనివ్వని ఇలాంటి సినిమాని ఇప్పుడు హారర్ కామెడీ అంటున్నాం. మన దగ్గర ఆ పేరు వాడుకలోకి రాకముందే ఆ పని చేసి చూపించిన మనిషి బి.విఠలాచార్య. జనం ఆయన్ని జానపద బ్రహ్మ అన్నారు.

ఉద్యోగాల పేజీలో ఆయన కథ ఎందుకంటారా? రెండు కారణాలు. ఆయన చదివింది మూడో తరగతి వరకే, చేసింది మాత్రం దాదాపు 70 సినిమాలు. ఇది మొదటిది. రెండోది మనకి ఇంకా దగ్గరది. అలాంటి పాత సినిమాల నెగెటివ్‌ని వెతికి, శుభ్రం చేసి, హై డెఫినిషన్‌లో మళ్లీ మన ఇంటి తెర మీదకి తేవడం ఇప్పుడు పూర్తిస్థాయి వృత్తి. ఆ పనికి కావాల్సిన బుద్ధి ఎలాంటిదో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

హోటల్ గల్లా నుంచి డేరా సినిమాకి

విఠలాచార్య 1920లో కర్ణాటకలోని ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. తండ్రి ఆయుర్వేద వైద్యుడు, ఊరివాళ్లకి డబ్బు తీసుకోకుండా మందిచ్చేవారు. పిల్లాడికి యక్షగానం, బయలాట అంటే ప్రాణం. బడి మూడో తరగతితోనే ఆగిపోయింది. చిన్న వయసులోనే ఇల్లు వదిలి అరసీకెరె చేరి, దొరికిన పనల్లా చేశారు. చివరికి అక్కడే ఒక ఉడుపి హోటల్ కొనుక్కుని బాగా నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకి కూడా వెళ్లొచ్చారు.

బయటికొచ్చాక హోటల్ తమ్ముడికి అప్పగించేశారు. డి.శంకర్ సింగ్, మరికొందరు మిత్రులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీస్ పెట్టారు. పగలూ రాత్రీ అక్కడే ఉండి పని చూసుకున్న భాగస్వామి ఆయనే. ఒక్క డేరా నాలుగైంది.

టూరింగ్ టాకీస్ అంటే మీ తాతగారిని అడగండి, చెబుతారు. ఊరి చివర డేరా, నేల టికెట్టు, రీలు మార్చేటప్పుడు ఆగిపోయే బొమ్మ, ఆ ఖాళీలో వేరుశనక్కాయలు. అలాంటి డేరా నడిపేవాడికి తెర ఒక్కటే కాదు, తెర ముందు కూర్చున్న జనం కూడా రోజూ కనిపిస్తారు. ఎక్కడ ఈల పడింది, ఎక్కడ పిల్లలు తల్లి కొంగు పట్టుకున్నారు, ఎక్కడ మగాళ్లు లేచి బీడీకి బయటికెళ్లారు, అన్నీ కళ్లముందే జరుగుతాయి. తన డేరాలో వేసిన ప్రతి సినిమానీ విఠలాచార్య చూసేవారు. సినిమా తీయడం నేర్చుకున్నది అలా చూస్తూనే. ఆయనకి ఫిల్మ్ స్కూలు ఆ డేరానే.

మైసూరు నుంచి మద్రాసుకి

తర్వాత ఆ మిత్రులంతా మైసూరు చేరి మహాత్మా పిక్చర్స్ పెట్టారు. ఆ బ్యానర్‌లో కన్నడ సినిమాలు వరసగా వచ్చాయి. 1951లో వచ్చిన కన్నడ ‘జగన్మోహిని’ కూడా వాళ్లదే, దర్శకుడు శంకర్ సింగ్. 1953లో దారులు వేరయ్యాయి. విఠలాచార్య సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ పెట్టి, ‘రాజ్యలక్ష్మి’తో దర్శకుడయ్యారు. మంచి స్టూడియోలు, ల్యాబులు ఉన్నది మద్రాసులో కాబట్టి మకాం అక్కడికి మార్చేశారు. అక్కడ ‘కన్యాదానం’ తెలుగులో తీశారు. అది ఆడింది. ఆయన ఇక తెలుగువాళ్ల మనిషైపోయారు.

1960ల్లో ఎన్టీఆర్, కాంతారావులతో జానపదాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1963లో ‘బందిపోటు’, 1964లో ‘అగ్గిపిడుగు’, 1965లో ‘మంగమ్మ శపథం’, 1970లో ‘లక్ష్మీ కటాక్షం’. కత్తియుద్ధాలు, మాంత్రికులు, మాట్లాడే చిలకలు, రాత్రికి రాత్రే లేచే కోటలు.

కాలం మారింది. పెద్ద హీరోలు సాంఘిక సినిమాలవైపు వెళ్లిపోయారు. జానపదం పనైపోయిందని అంతా అనుకుంటున్న రోజుల్లో, 58 ఏళ్ల వయసులో, విఠలాచార్య నరసింహరాజు, జయమాలిని, ప్రభలతో తెలుగు ‘జగన్మోహిని’ తీశారు. కథ నిజానికి ఇంటి కథే. భక్తురాలైన భార్య ఒకవైపు, ఇంట్లోకి చేరిన మోహిని పిశాచం ఇంకోవైపు. ఆ దయ్యాలు ఇంటి పనులు చేస్తుంటే హాల్లో భయం, నవ్వు ఒకేసారి పుట్టాయి. తమిళంలోకి వెళ్లినా బాగా ఆడింది. పెద్ద స్టార్ దొరకనప్పుడు దయ్యాన్నే స్టార్‌ని చేశారాయన. 2009లో నమితతో తమిళంలో మళ్లీ తీశారంటే ఆ కథకున్న పట్టు అర్థమవుతుంది.

లేనిదాన్ని ముందే లెక్కేసుకోవడం

సినిమావాళ్లు ఆయన గురించి సరదాగా చెప్పుకునే మాట ఒకటుంది. నటుడు డేట్లు ఇవ్వకపోతేనో, పారితోషికం దగ్గర పేచీ పెడితేనో, కథలో మాంత్రికుడు వచ్చి ఆ పాత్రని మేకగానో చిలకగానో మార్చేస్తాడట. మిగతా సీన్లన్నీ ఆ మేకతోనే లాగించేయొచ్చు. ఇందులో నిజమెంతో గానీ, పని ఆపకూడదన్న ఆయన పద్ధతి మాత్రం అందులో కనిపిస్తుంది. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో, ఉన్న సెట్లతోనే సినిమా పూర్తి చేయడంలో ఆయనకి పేరు.

ఆ రోజుల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపాలి, మనిషిని పక్కకి పంపాలి, మిగతావాళ్లు బొమ్మల్లా నిలబడి ఉండగా మళ్లీ మొదలుపెట్టాలి. దయ్యం గోడలోంచి రావాలంటే ఒకసారి తీసిన ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి, దాని మీదే ఇంకోసారి తీయాలి. వస్తువు గాల్లో తేలాలంటే సన్నటి తీగ కట్టాలి. ఎగిరిపడ్డది చేతిలోకి తిరిగి రావాలంటే రీలు వెనక్కి నడవాలి. వీటిలో ఏది తప్పినా ల్యాబ్ నుంచి ఫిల్మ్ వచ్చేదాకా తెలీదు. అన్‌డూ బటన్ లేదు. అందుకే ఫ్రేము ఫ్రేమూ ముందే లెక్క వేసుకుని సెట్‌కి రావాలి. కోడింగ్ చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రన్ చేసి చూసే వీల్లేనప్పుడు ప్రోగ్రామ్ అంతా బుర్రలోనే నడపాలి కదా.

వీసీడీ నుంచి 4కె దాకా

మనలో చాలామంది ఈ సినిమాలు చూసింది వీసీడీలోనో, కేబుల్ టీవీలోనో. వీసీడీ ఫ్రేములో ఉండేవి 352 × 288, అంటే సుమారు లక్ష చుక్కలు. డీవీడీలో 4 లక్షల పైచిలుకు. బ్లూ-రే డిస్కులో 1920 × 1080, అంటే 20 లక్షలు దాటుతాయి. 4కె డిస్కులో దాదాపు 83 లక్షలు. వీసీడీలో బూడిదరంగు ముద్దలా కనిపించిన మాంత్రికుడి గుహలో, బ్లూ-రేలో గోడ మీద రంగు ఎక్కడ పెచ్చులూడిందో కూడా తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటుంది. పాత టేపుని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి హెచ్‌డీ అని పేరు పెట్టేస్తారు. లేని వివరం సాగదీస్తే రాదు, మొహాలు మైనంపూసినట్టు అవుతాయి. అసలైన హెచ్‌డీ కావాలంటే 35 ఎంఎం నెగెటివ్ దగ్గరికే వెళ్లాలి. రెండున్నర గంటల సినిమాకి సెకనుకి 24 చొప్పున 2,16,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముని 4కెలో పూర్తి వివరంతో స్కాన్ చేస్తే సుమారు 50 ఎంబీ. గుణించండి, 11 టీబీకి అటూఇటూ వస్తుంది. ఆ తర్వాత దుమ్ము, గీతలు, చిరుగులు, వణుకు, రంగు, శబ్దం అన్నీ సరిచేయాలి. సగం పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మిగతా సగం దగ్గరే మనిషి కావాలి.

మరకా, మంత్రమా?

దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ పని చేసే తీరు సులువైనది. ఒక్క ఫ్రేములో మాత్రమే కనిపించి, ముందూ వెనకా లేని మచ్చని అది దుమ్ము అనుకుంటుంది. చాలా సినిమాలకి ఇది సరిపోతుంది. కానీ దయ్యం సినిమాలో హోమగుండం నిప్పురవ్వలు కూడా ఒక్క ఫ్రేములోనే మెరుస్తాయి. మంత్రం వేసినప్పుడు వచ్చే పొగ దానికి నాయిస్‌లా కనిపిస్తుంది. వదిలేస్తే అది మాంత్రికుడి మంత్రాన్నే తుడిచేస్తుంది. సౌండులోనూ అంతే. గుర్రుమనే చప్పుడు తీసేద్దామని ఫిల్టర్ గట్టిగా వేస్తే, చీకట్లో మోహిని గజ్జెల చప్పుడు కూడా పలచబడిపోతుంది.

ఇంకో చిక్కు, తీగలు. హాల్లో కనిపించని తీగ 4కెలో కనిపించొచ్చు. తీసేయాలా, ఉంచాలా? చెరిపేయడం ఇవాళ నిమిషాల పని. కానీ దుమ్ము కాలం చేసిన మచ్చ, తీగ దర్శకుడు చేసిన పని. పాడైనదాన్ని బాగుచేయడం వేరు, పాతదాన్ని కొత్తగా మార్చడం వేరు. సినిమాని భద్రపరిచేవాళ్లు సాధారణంగా మొదటిదాని వైపే నిలబడతారు. మార్పు చేసినా, చేయని కాపీని దాచి ఉంచాలంటారు. ఈ తేడా తెలిసిన మనిషికే ఈ రంగంలో విలువ. ఆ తేడా తెలియాలంటే విఠలాచార్య ఆ షాట్ ఎలా తీశారో ముందు అర్థం కావాలి.

పోతే తిరిగి రాదు

సినిమా ఫిల్మ్ బతికున్న వస్తువు లాంటిది. వేడి, చెమ్మ తగిలితే ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లి, డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడుతుంది. పక్క డబ్బాలకీ అంటుకుంటుంది. పాత కలర్ ప్రింట్లలో నీలిరంగు ముందు వెలిసిపోయి బొమ్మంతా ఎర్రబారుతుంది. ఉద్దానంలో ఉండేవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. సముద్రపు గాలికి మన పెళ్లి క్యాసెట్లకే తెల్ల బూజు పడుతుంది. ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో నేను చుట్టాలకి అలాంటి క్యాసెట్లు కొన్ని కంప్యూటర్లోకి ఎక్కించిపెట్టాను. ఒక దాంట్లో చనిపోయిన పెద్దాయన నడుస్తూ కనిపించేసరికి ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చున్నారు. పోయింది తిరిగి కనిపిస్తే దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో ఒక కార్మికుడి కొడుకు జేమ్స్ వేల్ హాలీవుడ్ వెళ్లి 1932లో ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ తీశాడు. హారర్ కామెడీల్లో మొదటి వరసలో చెప్పే సినిమా. కొన్నేళ్లకి దాని నెగెటివ్ జాడే లేకుండా పోయింది. వేల్ స్నేహితుడు కర్టిస్ హారింగ్టన్ వదలకుండా వెతికిస్తే 1968లో స్టూడియో గోదాములో దొరికింది. 2017లో 4కెలో బాగుచేసి బ్లూ-రేగా విడుదల చేశారు. ఒక మనిషి పట్టుదల లేకపోతే ఇవాళ ఆ డిస్కు లేదు. మన దగ్గర 1957 నాటి ‘మాయాబజార్’ని హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ సంస్థ రంగుల్లోకి మార్చి 2010 జనవరిలో థియేటర్లకి తెచ్చింది. ఘటోత్కచుడి సినిమాకి ఉన్న అదృష్టం చిన్న బడ్జెట్ దయ్యాలకి రావాలంటే వాటి కోసం కూడా ఎవరో ఒకరు కూర్చోవాలి.

పని ఎక్కడ, మొదలెక్కడ?

పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది, ఇప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీ కింద నడుస్తోంది. చెన్నైలో ప్రసాద్ సంస్థ విదేశీ సినిమాలని కూడా బాగుచేస్తుంది. ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఫిల్మ్ భద్రపరచడం మీద వర్క్‌షాపులు పెడుతుంది. 2019లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. ఇందులో స్కానింగ్ ఆపరేటర్, డిజిటల్ క్లీనప్ ఆర్టిస్ట్, కలరిస్ట్, సౌండ్ రిస్టోరేషన్, కేటలాగింగ్ లాంటి పనులుంటాయి. క్లీనప్ తెలిసినవాళ్లకి విజువల్ ఎఫెక్ట్స్ కంపెనీల్లోనూ దారి ఉంటుంది, ఎందుకంటే తీగలు చెరిపే పని అక్కడ రోజూ ఉండేదే.

మొదలుపెట్టడానికి ఫీజు కట్టక్కర్లేదు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ దింపుకోండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, కొంచెం పైథాన్ నేర్చుకోండి. ఇంట్లో మూలనున్న క్యాసెట్ ఒకటి, ఇంటివాళ్లని అడిగి, ఎక్కించండి. బూజు ఉంటే శుభ్రం చేయకుండా ప్లేయర్‌లో పెట్టకండి, హెడ్ పాడవుతుంది. ఒక నిమిషం వీడియో తీసుకుని దుమ్ము, రంగు, శబ్దం సరిచేయండి. ముందు, తర్వాత పక్కపక్కన పెట్టండి. ఏది ఎందుకు తీశారో, ఏది ఎందుకు వదిలేశారో ఒక పేజీలో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ పేజీయే ఎక్కువ మాట్లాడుతుంది. సోంపేట అని బోర్డున్న మన కంచిలి స్టేషన్‌లో చెన్నై రైలెక్కే ముందు చేతిలో ఈ ఒక్క నిమిషం వీడియో ఉంటే, చూపించడానికి ఏదో ఉన్నట్టే.

విఠలాచార్య 1999లో కన్నుమూశారు. డిగ్రీ లేదు, కంప్యూటర్ లేదు, చాలాసార్లు డబ్బూ లేదు. ఆయన దగ్గర ఉన్నది చూసే కన్ను, మొదలుపెట్టిన పని పూర్తి చేసే మొండితనం. ఆయన దయ్యాలు ఇప్పుడు నెగెటివ్ డబ్బాల్లో ఎదురుచూస్తున్నాయి. వాటిని వెలుగులోకి తెచ్చే కుర్రాడో అమ్మాయో ఉద్దానం నుంచి ఎందుకు రాకూడదు?